నిండుకున్నయి

మా అమ్మ ఎన్నడూ "బియ్యం అయిపోయినయి" అనలేదు. "నిండుకున్నయి" అనేది. ఆరేడేళ్లప్పుడు ఆ మాట విని, కుండ నిండిందనుకొని మూత తీసి చూశాను. అడుగున పిడికెడు నూకలు, రెండు లక్క పురుగులు. మోసపోయానని ఏడిస్తే అమ్మ నవ్వింది. "ఇంట్ల ఆ మాట అనొద్దు బిడ్డా" అన్నది. మనకిది అలవాటే. దీపం ఆరిందనం, కొండెక్కిందంటాం. గడప దాటేవాడు పోతున్నాననడు, పోయొస్తానంటాడు. లేమిని పేరు పెట్టి పిలిస్తే వచ్చి ఇంట్లో కూర్చుంటుందని పెద్దల భయం కాబోలు.

నలభై దాటాక, వర్ధన్నపేట దారిలో నాన్న మిగిల్చిన రెండెకరాల పది గుంటల చెల్కలో మందులు వెయ్యకుండా కూరగాయలు పెట్టాను. వాటిని ఆదివారం ఆదివారం హన్మకొండ సుబేదారిలో, పొద్దున నడకకు వచ్చేవాళ్ల దారి పక్కన అమ్మడం మొదలుపెట్టాను. అమ్మ మాట అప్పుడు నాకు మళ్లీ పనికొచ్చింది. కానీ దాన్ని నోటితో అనడానికి రెండేళ్లు పట్టింది. మధ్యలో ఒక దొంగతనం కూడా చేశాను.

మొదటి ఎండాకాలం. చలికాలమంతా నా దగ్గర టమాటలు కొన్నవాళ్లు మే నెలలోనూ టమాటలే అడిగారు. మా దగ్గర మేలో ఎండ నలభై రెండు, నలభై మూడు దాటుతుంది. పగలు ముప్పై అయిదు దాటితేనే టమాట పూతలో పుప్పొడి సత్తువ కోల్పోతుంది, పూత నిలవదు. మొక్క పచ్చగానే ఉంటుంది, పూస్తుంది, పొద్దుగూకేసరికి రాల్చేస్తుంది. బజారులో మాత్రం అప్పుడూ టమాట కుప్పలే. కొంత చల్లగా ఉండే మదనపల్లె నుంచి లారీల్లో దిగుతాయి. "అందరి దగ్గర ఉన్నయి, నీ దగ్గరెందుకు లేవన్నా?" అని మూడు ఆదివారాలు అడిగించుకున్నాను. నాలుగో ఆదివారం తెల్లవారుజామున వరంగల్ మార్కెట్లో ఒక పెట్టె కొని, మా గంపలోకి గుమ్మరించి, మా చేను వంకాయల పక్కన పెట్టాను. అవి ఎక్కడివో ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

ఒకావిడ వచ్చింది. రిటైరైన టీచరు, అందరూ టీచరమ్మ అంటారు. ఒక టమాట చేతిలోకి తీసుకుంది, తిప్పింది, ఇంకోటి తీసుకుంది. రెంటినీ పక్కపక్కన పట్టుకుని చూసింది. రెండూ ఒకే సైజు, ఒకే ఎరుపు, తొడిమ దగ్గర కూడా అదే రంగు. తోలు గట్టిగా ఉంది. మా టమాటలు అట్లా ఉండవు. ఒకటి పిడికిలంత వంకర, ఒకటి గోలీకాయంత. భుజాల దగ్గర పసుపు చార, ఎక్కడో పురుగు కొరికి మానిన గోధుమరంగు మచ్చ. టీచరమ్మ రెండు టమాటలనూ గంపలో పెట్టి, "ఇవి నీ చేనువి కావు బిడ్డా" అన్నది. గొంతులో కోపం లేదు. చూచిరాతలో తప్పు చూపించినట్టు చెప్పి, వంకాయలు మాత్రం అరకిలో తూపించుకొని పోయింది.

ఆ రోజు నాకు సిగ్గు వేసింది నిజమే, కానీ దాని వెనక లెక్క కూడా ఉంది. చిన్న రైతు తన పంటను నేరుగా తినేవాళ్ల చేతికే అమ్ముకుంటే సేంద్రియ ధ్రువపత్రం తప్పనిసరి కాదని 2017 నాటి ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. ముద్ర వేసుకునే హక్కు ఉండదు, అంతే. పొరుగు రైతులు ఒకరి పొలం ఒకరు చూసి పూచీపడే పద్ధతి ఒకటుంది, నేనింకా అందులో చేరలేదు. అంటే నా గంపకు ఉన్న ఒకే ఒక్క పత్రం నా నోటి మాట. దాన్ని ఒక పెట్టె టమాటలకు అమ్ముకున్నాను. లాభం ఎంతో చెప్పను, నవ్వుతారు.

తర్వాతి ఆదివారం ఒక పలక కొన్నాను. "ఉన్నయి" అని రాసి కింద పేర్లు రాద్దామనుకున్నాను. చెయ్యి ఆగింది. పైన "లేవు" అని రాసి, దాని కింద టమాట, క్యారెట్, బీన్స్ అని రాశాను. అది చూసి ముగ్గురు నలుగురు గంప దాకా రాకుండానే తిరిగిపోయారు. పోనీ అనుకున్నాను. ఆ పలక ఇప్పటికీ అట్లాగే ఉంటుంది, లేనివి పైన, ఉన్నవి కింద.

బజారు అనేదే ఎవరికీ "లేదు" అన్న మాట వినిపించకుండా చూసే ఏర్పాటని నాకు అనిపిస్తుంది. ధర పెరుగుతుంది, తగ్గుతుంది, కానీ వస్తువు మాత్రం ఉంటుంది. 1999 జనవరిలో రైతుబజార్లు మొదలుపెట్టినప్పుడు దళారి లేకుండా రైతు, తినేవాడు ఎదురెదురుగా నిలబడాలనుకున్నారు. గొప్ప ఆలోచన. అక్కడ అమ్ముకొని పిల్లల్ని చదివించుకున్నవాళ్లు నాకు తెలుసు. అయితే ఎదురెదురుగా నిలబడినా రైతు "ఈ నెల ఇది కాయదమ్మా" అనలేకపోతే ఆ రెండు మొహాల మధ్య మళ్లీ ఒక లారీ వచ్చి ఆగుతుంది. నేనే ఆ లారీని తెచ్చి ఆపినవాణ్ని కదా.

వద్దు, లేదు అనడం మా ప్రాంతానికి కొత్తేమీ కాదు. 1997-98లో వరంగల్ జిల్లా పేరు పత్తి రైతుల చావులతో దేశంలోని పత్రికలన్నిటికీ ఎక్కింది. పురుగును చంపడానికి అప్పు చేసి తెచ్చిన మందు పురుగును చంపలేదు, రైతు ప్రాణం తీసింది. ఆ తర్వాత కొన్నేళ్లకు, ఇప్పుడు జనగామ జిల్లాలో ఉన్న లింగాలఘనపురం మండలంలోని ఏనెబావి అనే చిన్న పల్లె ఒక నిర్ణయం తీసుకుంది. యాభై పైచిలుకు గడపలు, 280 ఎకరాల పైన భూమి. జనగామ క్రాప్స్ సంస్థ, హైదరాబాద్ సుస్థిర వ్యవసాయ కేంద్రం తోడు నిలిచాయి. ముందు పురుగుమందులు, తర్వాత రసాయన ఎరువులు ఒక్కొక్కటే మానేస్తూ వచ్చి, 2006 నాటికి ఊరంతా కలిసి రసాయనాలూ వద్దు, జన్యుమార్పిడి విత్తనాలూ వద్దు అని ప్రకటించుకున్నారు. ఒక్క రైతు మానేస్తే పక్క చేను నుంచి మందు గాలికి వస్తుంది, నీళ్లతో పారుతుంది. ఊరంతా మానేస్తే "లేదు" అనేది ఒక హద్దురాయి అవుతుంది. నాది ఒంటరి చెల్క. చుట్టూ మూడు వైపులా పత్తి. గట్టు పొడుగునా ఆముదాలు వేశాను. లద్దె పురుగు తల్లి గుడ్లు ఆముదం ఆకు మీద పెడుతుంది, ఆ ఆకులు తెంపి పాతరేస్తాం. పురుగుకు అది చాలు, గాలికి చాలదు. పక్క రైతు మందు కొట్టే రోజున పైగాలి వీస్తుంటే నేను తోటకూర తెంపను. ఆ వారం పలక మీద తోటకూర కూడా పైకెక్కుతుంది.

కాలాన్ని నెలల్లో లెక్కపెట్టడం చేన్లోకి దిగాక నాకు చాలావరకు పోయింది. ఇప్పుడు కార్తెలే. ఇరవై ఏడు కార్తెలు, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. రోహిణిలో దుక్కి మీద కాలు పెడితే పెనం మీద పెట్టినట్టే. జూన్ ఎనిమిది అటూఇటూగా మిరుగం. ఆ రోజు మా వైపు చేపలు తినాలి, కొర్రమట్ట ధర విని కళ్లు తేలేయాలి. రెండు వానలు పడితే ఎర్ర మఖ్‌మల్ ముక్కల్లా ఆరుద్ర పురుగులు నేల మీద పాకుతాయి. అప్పుడు నా గంపలో అమ్మడానికేమీ ఉండదు. గంగవాయిలు కూర తప్ప. అది నేను వెయ్యను, అదే మొలుస్తుంది. రెండేళ్ల కింద దాన్ని కలుపని పీకి గట్టు మీద పారేసేవాణ్ని. మా చేన్లో పనికి వచ్చే పెద్దమ్మ ఒకరోజు ఆ కుప్పను కొంగున కట్టుకొని పోతుంటే, ఏం చేస్తావని అడిగాను. "పప్పుల ఏస్త. నువ్వు పారేస్తున్నవ్, నేను తింటున్న" అన్నది. ఆ మరుసటి ఆదివారం నుంచి అది కట్టలుగా నా గంపలో ఉంది. వచ్చిన డబ్బుల్లో పెద్దమ్మకు వాటా ఇవ్వబోతే, కలుపుకు పైసలేందని నా మొహం చూసి నవ్వింది.

గునుగు సంగతి మరీ విచిత్రం. జూలై, ఆగస్టుల్లో గునుగంత మొండి కలుపు లేదు. జొన్నలో, కందిలో పైకెగసి నిలబడుతుంది. పీకీ పీకీ నడుము విరుగుతుంది. అట్లాంటి గునుగు భాద్రపద అమావాస్య దగ్గరపడేసరికి తెల్లని, గులాబీ కొసల కంకులు వేసి, ఉన్నట్టుండి పువ్వయిపోతుంది. ఎంగిలిపూల నాటి సాయంత్రం వేయిస్తంభాల గుడి ముందు వేల బతుకమ్మలు దిగుతాయి. తంగేడు బంగారం, మధ్యలో రంగులద్దిన గునుగు వరసలు. రెండు నెలలు తిట్టుకుంటూ పీకిన మొక్కను ఆ తొమ్మిది రోజులు కట్టలు కట్టి అమ్ముతాను. మా వైపు పత్తి చేన్లలోకి కలుపు మందు వచ్చాక గునుగు తగ్గింది. "ఇదివరకు మా గట్టు మీదనే దొరికేది, ఇప్పుడు కొనుక్కుంటున్నం" అని పక్క ఊరి ఆడవాళ్లే నా దగ్గరికి వచ్చి అంటారు. అందుకే చేను తూర్పు మూల పది గుంటల్లో గునుగును పీకడం మానేశాను. వ్యవసాయాధికారి చూస్తే నన్ను సోమరి అంటాడు. అననీ.

లేకపోవడం కష్టమంటాం గానీ, అన్నీ ఉండటం కూడా తక్కువ కష్టమేమీ కాదు. డిసెంబరు, జనవరుల్లో చేను మీద పడిపోతుంది. టమాట, వంకాయ, చిక్కుడు, పచ్చి కంది, అనపకాయలు, కొత్తిమీర అన్నీ ఒకేసారి. అందరి చేన్లలోనూ అప్పుడే కాస్తాయి కనుక బజారులో టమాటకు దిక్కుండదు. ఒక జనవరిలో రెండు గంపలు అమ్ముడుపోక ఇంటికి తెచ్చాను. అమ్మ ఏమీ అనకుండా వాటిని అడ్డంగా కోసి, ఉప్పు చల్లి, మిద్దె మీద పాత చీర పరిచి ఎండేసింది. చిక్కుడుకాయలు, వంకాయ ముక్కలు కూడా అట్లాగే. నాలుగైదు రోజులకు గంపెడు కాయలు దోసెడు ఒరుగులయ్యాయి. రంగు పోయి, ముడుతలుపడి, ముసలివాళ్ల చెవుల్లా ఉన్నాయి. చూసి మొహం తిప్పుకున్నాను. ఏప్రిల్‌లో వాటితో చింతపండు పులుసు చేసిపెట్టింది. తోటలో ఆ కూరలు లేని నెలలో చలికాలపు ఎండ వాసన వచ్చింది ఆ పులుసులో. మన వంటింట్లో ఒరుగులు, తొక్కులు, వడియాలు అన్నీ "లేదు" అన్న నెలల కోసం "ఉంది" అన్న నెలల్లో చేసుకున్న ఏర్పాట్లే. ఫ్రిజ్ వచ్చాక మనం ఆ నెలల పేర్లు మర్చిపోయాం.

ఇదంతా రాస్తుంటే ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. "లేవు" అన్న పలకను చూసి మురిసిపోయేవాళ్లు ఎవరు? సుబేదారిలో పొద్దున నడవడానికి తీరిక ఉన్నవాళ్లు. నెల జీతమో పింఛనో ఉన్నవాళ్లు. నా వంకాయ ధర బజారు ధర కంటే ఎక్కువ. దాన్ని తెంపిన పెద్దమ్మ మాత్రం సాయంత్రం ఊర్లోకి వచ్చే బండి మీద, మందు కొట్టిన వంకాయ తక్కువకు వస్తుందని కొంటుంది. కూలితో పాటు కూరగాయలు పట్టుకుపొమ్మంటాను. కొన్నిసార్లు పట్టుకుపోతుంది. కొన్నిసార్లు, "అమ్ముకోరాదు, నీకు గిట్టద్దా?" అంటుంది. కాలానుగుణంగా తినాలి, ఊరి పంట తినాలి అని నేను ఆదివారం ఆదివారం చెప్పే కబుర్లు ఆమె దగ్గర చెప్పను. ఆమె ఎప్పుడూ అట్లాగే తిన్నది, గత్యంతరం లేక తిన్నది. అదే తిండిని ఎంచుకొని తినడానికి ఇప్పుడు జనం నా దగ్గరికి కార్లలో వస్తారు. ఈ ముడి నాకింకా విడలేదు.

మొన్న మిరుగం దాటిన ఆదివారం సన్నగా చినుకులు. నా ముందు ఎనిమిది కట్టల గంగవాయిలు కూర, ఒక సంచిలో కిందటి చలికాలపు చిక్కుడు ఒరుగులు, అంతే. టీచరమ్మ గొడుగేసుకొని వచ్చింది. పలక మీద సుద్ద చినుకులకు అలుక్కుపోయింది, చదవలేక, "ఏమున్నయి?" అన్నది.

"అన్నీ నిండుకున్నయి టీచరమ్మా."

ఆ మాట వినగానే ఆమె గొడుగు కింద నుంచి నా మొహంలోకి చూసింది. "మా అత్తమ్మ అనేది ఆ మాట" అని, వంగి సంచిలోంచి రెండు ఒరుగులు తీసి వాసన చూసింది. పావుకిలో తూపించుకుంది.

"బెండ పెట్టినవా?"

"నిన్ననే పెట్టిన. నలభై అయిదు దినాలు."

చేతిసంచి మోచేతికి తగిలించుకొని, బొటనవేలితో వేళ్ల కణుపులు తడుముతూ ఆదివారాలు లెక్కపెట్టింది. ఏడో కణుపు దగ్గర వేలు ఆపి, అట్లాగే పట్టుకొని, గొడుగు సర్దుకుంటూ నడిచిపోయింది.