చెరిపే వీలున్నంతసేపు

ఆళ్లగడ్డ రాతి విగ్రహాలకు పేరున్న ఊరు. ఉలి పట్టుకునే ముందు శిల్పి రాయి మీద గీతలు గీసుకుంటాడు. విగ్రహం చేయించుకునేవాళ్లు ఆ గీతలు చూసి చెయ్యి కాస్త పైకుండాలనో, మొహం మరీ చిన్నదైందనో అనొచ్చు. తుడిచి మళ్లీ గీయడానికి పెద్ద ఖర్చేం ఉండదు. ఉలి దెబ్బ పడ్డాక అదే మాట అంటే రాయైనా పోవాలి, మాటైనా పోవాలి. రాయి ఖరీదైంది కాబట్టి మాటే పోతుంది.

సాఫ్ట్‌వేర్‌లో ఆ గీతని ప్రోటోటైప్ అంటాం. నా జీతం వచ్చేది ఈ పని మీదే. యాప్ కట్టకముందే దాని స్క్రీన్లు కాగితం మీదో, ఫిగ్మాలోనో గీస్తాం. రేపు దాన్ని వాడబోయే మనిషి ముందు పెట్టి "ఇక్కడ మీరైతే ఏం నొక్కుతారు?" అని అడుగుతాం. అడిగి, నోరు మూసుకుని కూర్చుంటాం. అన్నిట్లోకీ కష్టమైంది ఆ చివరిదే.

ఎందుకిదంతా అంటే మాకు నేర్పే జవాబు ఒకటుంది: కోడ్ రాశాక తప్పు దిద్దడం కన్నా గీత దశలో దిద్దడం చవక. నిజమే, కానీ ఇది గుమాస్తా జవాబు. డబ్బు లెక్క పక్కన పెట్టి చూస్తే నాకు ఇంకోటి కనిపిస్తుంది. ప్రోటోటైప్ అంటే "ఇది కుదరదు" అన్న మాట చెల్లుబాటయ్యే కాలం. చాలా చిన్న కాలం. ఆ కాలంలో ఆ మాట అనే అవకాశం ఎవరికిచ్చాం, ఎవరికివ్వలేదు అన్నది డిజైన్ ప్రశ్న కాదు, న్యాయం ప్రశ్న.

ఆళ్లగడ్డకి మరీ దూరం కాని సంజామలనే తీసుకుందాం. నంద్యాల నుంచి ఎర్రగుంట్ల పోయే రైలు మార్గంలో కోవెలకుంట్ల దాటాక వస్తుంది. నల్లరేగడి నేల, శనగ పంట. శనగ కోతలు అయిపోయాక పొలంలో పెద్దగా పనుండదు. నేల నెర్రెలిచ్చే ఆ నెలల్లో ఇలాంటి మండలాల్లో కూలీలకు ఆసరా ఉపాధి హామీ. జనం నోట్లో దాని పేరు "కరువు పని". ఈ పథకం దేశం మొత్తానికి మొదలైందే రాయలసీమలో, 2006 ఫిబ్రవరి 2న, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. పంట కుంటలు తవ్వడం, చెరువుల్లో పూడిక తీయడం లాంటి పనులు. చల్లపూట దిగి ఎండ ముదిరేలోపు ముగించుకోవాలని చూస్తారు. ఇక్కడ ఒక వివరం ముఖ్యం. ఇలాంటి మట్టి పనిలో కూలి గంటల్ని బట్టి రాదు, కొలతల్ని బట్టి వస్తుంది. ఎంత మట్టి తీశారన్నదే లెక్క.

2021 మే 21న కేంద్ర ప్రభుత్వం ఈ పనుల హాజరు కోసం ఒక యాప్ తెచ్చింది. పేరు నేషనల్ మొబైల్ మానిటరింగ్ సిస్టమ్, పొట్టిగా ఎన్‌ఎంఎంఎస్. మేట్ తన ఫోన్‌లో హాజరు వేసి, పని చోట కూలీల ఫొటోలు రోజుకు రెండుసార్లు తీసి ఎక్కించాలి. ఫొటోతో పాటు అది ఏ చోట, ఏ వేళ తీసిందో నమోదవుతుంది. మొదట్లో దీన్ని పైలట్ అన్నారు. 2022 మే 16 నుంచి ఇరవై మందీ ఆపైన పనిచేసే చోట తప్పనిసరి అయింది. 2023 జనవరి 1 నుంచి, వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప, అన్నిచోట్లా.

ఇప్పుడా రెండో ఫొటో సంగతి చూడండి. కొలత ప్రకారం తవ్వాల్సింది తవ్వేసిన మనిషి పదింటికల్లా ఇంటికి పోవచ్చు, కూలి మట్టికి కాబట్టి. యాప్‌కి మాత్రం ఆ మనిషి మళ్లీ కనపడాలి. పని అయిపోయాక ఎండలో కూర్చోవాలి, లేదా ఇంటికి పోయి ఫొటో కోసం తిరిగి రావాలి. గంటల కూలికి సరిపోయే స్క్రీన్‌ని తెచ్చి కొలత కూలికి తగిలించారు. తర్వాత ఫిర్యాదులొస్తే మొదటి ఫొటోకీ రెండోదానికీ నాలుగు గంటల తేడా ఉంటే చాలన్నారు. సిగ్నల్ లేనిచోట ముందు తీసుకుని తర్వాత ఎక్కించే వీలూ పెట్టారు. మంచిదే. అయితే ఇవన్నీ ఉలి పడ్డాక రాయిని గీకి సర్దడాలు. ఈ తేడా పట్టుకోవడానికి కోడ్ అక్కర్లేదు. రెండు గడులు గీసిన ఒక కాగితం, ఒక ఉదయం, ఒక మేట్ చాలు. రెండో గడి దగ్గర మేట్ అడిగే మొదటి ప్రశ్న "అప్పటికి మావోళ్లు ఈడ ఉంటారా?" అనే.

అంటే యాప్ చేసినవాళ్లు వాడేవాళ్లని పట్టించుకోలేదనా? అలా అనేస్తే సులువుగా అయిపోతుంది. నాకు ఇబ్బంది కలిగించే ఆలోచన వేరే. ఈ యాప్ యూజర్ సెంటర్డ్‌గానే చేసి ఉండొచ్చు. పర్యవేక్షణ కోసం పుట్టిన యాప్‌కి అసలు యూజర్ ఆఫీసులో కూర్చుని ఏ మండలంలో ఎన్ని ఫొటోలొచ్చాయో చూసే అధికారి. మేట్ దానికి చెయ్యి. కూలీ దానికి ఫొటోలో బొమ్మ. మధ్యలో ఎవరిని పెట్టాలో తేల్చుకున్నాక మిగతా పద్ధతంతా, ప్రోటోటైపులతో సహా, శ్రద్ధగా పాటించినా ఫలితం ఇదే వస్తుంది. మా పుస్తకాలు యూజర్ని కేంద్రంలో పెట్టమంటాయి గానీ, ఏ యూజర్ని అన్న చోట గొంతు తగ్గిస్తాయి.

తెలుగు వికీపీడియా వాళ్లు యూజర్‌కి "వాడుకరి" అని ఒక మంచి మాట పెట్టారు. ప్రభుత్వ కాగితాల్లో మాత్రం జనం వాడుకరులు కారు, లబ్ధిదారులు. వాడుకరి "ఇది పనిచెయ్యట్లేదు" అనగలడు. లబ్ధిదారుకి చేతులు చాపడం ఒక్కటే తెలుసన్నట్టుంటుంది ఆ మాట. కరువు పని లబ్ధి కాదు, చట్టం ఇచ్చిన హక్కు అని బండ్లపల్లి నాటి నుంచీ చెప్పుకుంటూనే ఉన్నాం.

మరి దొంగ మస్టర్ల సంగతేంటి అంటారు. న్యాయమైన ప్రశ్న. పని చెయ్యనివాళ్ల పేర్లు ఎక్కించి డబ్బులు తినడం ఉంది, అందులో నష్టపోయేదీ నిజంగా తవ్వినవాళ్లే. కానీ ఫొటో దాన్ని ఆపిందా? 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది: సంబంధం లేని ఫొటోలు ఎక్కిస్తున్నారు, ఫొటోకి ఫొటో తీసి పంపుతున్నారు, ఇకనుంచి మనుషులు కూర్చుని వాటిని సరిచూడాలి అని. మోసం చేసేవాడికి ఆ స్క్రీన్ ఎలా దాటాలో తెలిసిపోయింది. నిజంగా తవ్వినవాళ్లు ఎండలో ఉండిపోయారు.

విచిత్రమేంటంటే ఇదే మోసం మీద అంతకుముందే మన రాష్ట్రంలో ఇంకో ఇంటర్‌ఫేస్ పనిచేసింది. దాన్నెవరూ ఇంటర్‌ఫేస్ అనలేదు. సామాజిక తనిఖీ. మస్టర్ కాగితాలు ఊళ్లోకి తీసుకొచ్చి, ఇంటింటికీ తిరిగి అడిగి, చివర్న అందరి ముందూ చదువుతారు. ఫలానా ఆమె ఫలానా వారం ఇన్ని రోజులు చేసినట్టుంది, నిజమేనా? "నేనా వారం ఊళ్లోనే లేను సార్" అని ఆవిడ లేచి చెప్పొచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దీని కోసం 2009లో ఒక ప్రత్యేక సొసైటీనే పెట్టింది. అందులోనూ లోపాలున్నాయి, తేలిన డబ్బు వసూలు కాకపోవడం వాటిలో ఒకటి. అయినా ఆ కాగితం ప్రయాణించే దిక్కు చూడండి. ఫొటో ఊరి నుంచి పైకి పోతుంది. మస్టర్ పైనుంచి ఊళ్లోకి దిగి, తవ్విన మనిషిని "ఇది నిజమేనా" అని అడుగుతుంది. మేం కాన్ఫరెన్స్ గదుల్లో స్టిక్కీ నోట్లు అంటించి వెతికేది ఆ ప్రశ్న కోసమే.

అడిగితే సరిపోతుందా? చాలదు. సంజామలలో ఎవరైనా నీటుగా చొక్కా టక్ చేసుకుని, తళతళలాడే స్క్రీన్ చూపించి "ఎలా ఉందమ్మా?" అంటే, "బాగుంది సార్" అనే వస్తుంది. అది అబద్ధం కాదు, మర్యాద. పైగా పూర్తయినట్టు కనిపించేదాన్ని తప్పుపట్టడం ఎవరికీ ఇష్టముండదు. పెన్సిల్‌తో వంకరగా గీసిన గడి ఆ బెరుకుని కొంత తీస్తుంది. గీసినవాడికే దాని మీద నమ్మకం లేనట్టుంటుంది కాబట్టి. మొత్తం తియ్యదు. రేపు మస్టర్‌లో పేరు ఉండాలా వద్దా అన్నది ఎదుటివాళ్ల చేతిలో ఉన్నప్పుడు పెన్సిల్ గీత కూడా జీవోలాగే కనిపిస్తుంది.

ఈ కాగితపు ప్రోటోటైపుల చరిత్రలో గొప్పగా చెప్పే ఉదాహరణ ఒకటుంది. 1981 నుంచి 85 దాకా స్కాండినేవియాలో నడిచిన ఉటోపియా ప్రాజెక్టు. పత్రికాఫీసుల్లో టైపు పేర్చే కార్మికులు కంప్యూటర్లు రాకముందే అట్టపెట్టెలతో ఉత్తుత్తి కంప్యూటర్లు పేర్చుకుని, వాటితో పేజీ కట్టడం ఆడి చూశారు. ఒక ఖాళీ పెట్టె మీద "లేజర్ ప్రింటర్" అని రాసుంటే అదే ప్రింటర్. డిజైన్ క్లాసుల్లో ఆ అట్టపెట్టె ఫొటో చూపించి సృజనాత్మకత అంటారు. పెట్టె వెనక ఉన్నదాన్ని చూపించరు. ఆ ప్రాజెక్టులో కార్మిక సంఘాలు భాగస్వాములు. కొత్త యంత్రం దించేముందు సంఘంతో చర్చించి తీరాలని స్వీడన్‌లో 1977 నుంచి చట్టమే ఉంది. వాళ్లు ధైర్యంగా "ఇది పనికిరాదు" అన్నారంటే అట్టపెట్టె మహిమ ఒక్కటే కాదు.

మన దగ్గరా కరువు పనిలో జట్లకి పేరుంది, శ్రమశక్తి సంఘాలని. అవి హాజరు వేసుకోవడానికే కాక యాప్ గీతలు చూడ్డానికీ కూర్చోవచ్చు. శనగ కోతలయ్యాక, పనులు మొదలయ్యేలోపు, నాలుగు కాగితాలతో ఒక పూట. ఆ పూట కూలి ముందే చేతిలో పెట్టాలి, ఎందుకంటే చేసేది పనే. గీసినవాడు ఒక్కడే వస్తే సరిపోదు. ఆ రెండో గడిని కొట్టేసే అధికారం ఉన్న అధికారి కూడా అదే చాప మీద కూర్చోవాలి. జట్టులో వెనకెక్కడో ఉన్న ఒకావిడ "ఇది మాకు కుదర్దు" అంటే, రబ్బరు ఆయన చేతిలో ఉండాలి.