గుర్రం పుట్టుమచ్చలు

నవలలు రాసేవాళ్ళకి ఒక ఇబ్బంది ఉంది. వీధిలో ఎవరికి ఏ దరఖాస్తు కావలసి వచ్చినా మన గుమ్మంలోకే వస్తారు. కరెంటు మీటరు మార్చమని, పింఛను ఆగిపోయిందని, కుళాయి నీళ్ళు రంగు మారాయని – బోయిగూడలో కాపురం పెట్టిన ఈ పదిహేనేళ్ళలో నేను రాసిన నవలలకంటే అర్జీలే ఎక్కువ. నవలలకు రాని జవాబులు అర్జీలకు వచ్చాయి కూడా, అది వేరే సంగతి.

కానీ గుర్రం తరఫున అర్జీ రాయమని ఎవరైనా అడుగుతారని కలలో కూడా అనుకోలేదు.

వచ్చినతను మా వెనక సందులో ఉంటాడు. పెళ్ళి ఊరేగింపులకు గుర్రాన్ని అద్దెకిస్తాడు. చెప్పులు బయట విడిచి, గడప దగ్గరే నిలబడి, "అమ్మా, రాణి కాయితాలు పోయినయి. పూణెకు లెటర్ రాయాలంట. ఇంగ్లీషుల రాసిస్తరా?" అన్నాడు.

రాణి అతని కూతురనుకున్నాను. "ఎంతవరకు చదివింది?" అని కూడా అడిగాను. అతను కాసేపు నావంక చూసి, "గుర్రమమ్మా" అన్నాడు. లోపలి గదిలోంచి మావారి నవ్వు వినిపించింది.

సంగతేమిటంటే, రాణి ఒకప్పుడు మలక్‌పేట రేసుల్లో పరుగెత్తిన గుర్రం. రేసుగుర్రాలు రెండేళ్ళ వయసులోనే పరుగు మొదలుపెడతాయి. ఆరేడేళ్ళు వచ్చేసరికి చాలావాటికి ఆ జీవితం ముగుస్తుంది. కానీ గుర్రం ఆయుర్దాయం పాతికేళ్ళు, ముప్ఫై ఏళ్ళు. అంటే సంపాదన అయిపోయాక మిగిలేదే ఎక్కువ బతుకు. ఆ బతుకు కొన్నింటికి గుర్రాల ఫారాల్లో, కొన్నింటికి స్వారీ నేర్పే బళ్ళలో గడుస్తుంది. రాణికి పెళ్ళిళ్ళలో గడిచింది. బ్యాండుమేళం ముందు, టపాకాయల మధ్య, ఎవరో పెళ్ళికొడుకును మోస్తూ.

ఇప్పుడు దానికి పదిహేనేళ్ళు దాటాయి. మోకాళ్ళు వాచిపోతున్నాయి. ఊరి బయట పిల్లలకు స్వారీ నేర్పేవాళ్ళు దాన్ని తీసుకుని, తేలికపాటి పని చెప్పి, మేత పెట్టి చూసుకుంటామన్నారట. కాకపోతే పాస్‌పోర్టు ఉండాలన్నారు. గుర్రానికి పాస్‌పోర్టేమిటని నవ్వకండి. మేలుజాతి రేసుగుర్రాలన్నిటికీ ఉంటుంది. మన దేశంలో వాటి పుట్టుపూర్వోత్తరాలు రాసి పెట్టే స్టడ్ బుక్ అథారిటీ పూణెలో ఉంది. ఆ చిన్న పుస్తకం ఇతని ట్రంకుపెట్టెలో ఉండేది. మొన్న ఇల్లు వెల్ల వేసేటప్పుడు అతని భార్య పిల్లల పాత నోటు పుస్తకాలతో పాటు దాన్నీ పాతపేపర్లవాడికి తూకానికి వేసేసింది.

"ఇదేం చోద్యం?" అన్నారు మావారు, అతను వెళ్ళాక. "గుర్రం కళ్ళెదురుగా ఉంటే అది ఆ గుర్రమేనని కాగితం చెప్పాలా?"

నాకూ ముందు అలాగే అనిపించింది. కానీ అర్జీ రాయాలంటే విషయం తెలియాలి కదా! నాలుగు పుస్తకాలు తిరగేశాను.

1844లో ఇంగ్లండులో ఎప్సమ్ డెర్బీ పందెం జరిగింది. మూడేళ్ళ గుర్రాలకు మాత్రమే అది. రన్నింగ్ రెయిన్ అనే గుర్రం గెలిచింది. తీరా చూస్తే అది మకాబియస్ అనే నాలుగేళ్ళ గుర్రం. పేరు మార్చి, వయసు తగ్గించి దింపారు. వ్యవహారం కోర్టుకెక్కింది. గుర్రాన్ని తెచ్చి చూపించమన్నారు జడ్జిగారు. గుర్రం పత్తా లేదు! గెలుపును రెండోదిగా వచ్చిన గుర్రానికి ఇచ్చేశారు.

చూడండి, ఆ గుర్రం ఏ అబద్ధమూ ఆడలేదు. పరుగెత్తమంటే పరుగెత్తింది. అబద్ధమాడింది మనుషులు. కానీ ఇప్పటికీ మచ్చలు చూపించి, సుడులు లెక్కపెట్టించుకుని, నేను నేనేనని రుజువు చేసుకోవలసింది మాత్రం గుర్రం. అనుమానం ఒకరిది, పరీక్ష ఇంకొకరికి. సీతమ్మవారి నాటి నుంచీ ఈ ఏర్పాటు మన ఆడవాళ్ళకి కొత్తేమీ కాదు లెండి.

రుజువు ఎలాగంటారా? మీ పదో తరగతి సర్టిఫికెట్టు ఒకసారి తీసి చూడండి. రెండు పుట్టుమచ్చలు రాసి ఉంటాయి. మా క్లాసు టీచరు ఆడపిల్లలందరినీ వరసగా నిలబెట్టి మచ్చలు వెతికింది. నాకు ఒకటే దొరికింది. రెండోదానికి మోచేతి మీద దోమకాటును రాసేసింది. ఆ కాటు వారానికి మానిపోయింది. సర్టిఫికెట్టులో మాత్రం నేటికీ ఉంది. కాగితం ప్రకారం నేను ఆ దోమకాటుతో ఉన్న మనిషిని.

గుర్రాలకూ అంతే. నుదుటి మీద చుక్క, ముఖం మీద తెల్లచార, కాళ్ళకు ఎక్కడిదాకా తెలుపు ఉందో అన్నీ బొమ్మ గీసి గుర్తు పెడతారు. వాటన్నిటికంటే నమ్మకమైనవి సుడులు. వెంట్రుకల సుడి పుట్టుకతో వస్తుంది, చచ్చేదాకా మారదు. మనవాళ్ళు అదే సుడిని చూసి యజమాని అదృష్టం చెప్పారు. పూర్వం మనుమంచి భట్టు అనే కవి గుర్రాల లక్షణాల మీద తెలుగులో పద్యాలే రాశాడు. మనం 'వాడి సుడి బాగుంది' అంటూ ఉంటాం కదా, ఆ సుడులను దొరలు గుర్తింపు కోసం వాడుకున్నారన్నమాట.

రాణి విషయంలో సుడులే దిక్కయ్యాయి. ఎందుకంటే అది గ్రే గుర్రం. గ్రే గుర్రాలు పుట్టినప్పుడు నల్లగానో గోధుమరంగుగానో ఉంటాయి. వయసు వచ్చేకొద్దీ తెల్లబడతాయి. ఇప్పుడు రాణి మల్లెపువ్వులా ఉంది. పిల్లప్పటి బొమ్మ పెట్టి పోల్చుకోమంటే ఎలా? నా హాల్‌టిక్కెట్టు ఫోటో చూసి నన్నెవరు పోలుస్తారు?

ఇంకో తమాషా. మన దేశంలో రేసుగుర్రాలన్నిటికీ ఒకటే పుట్టినరోజు – జనవరి 1. ఏ నెలలో పుట్టినా ఆ రోజునే ఒక ఏడు పెరుగుతుంది. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. అమ్మ 1956 కృష్ణా పుష్కరాల ఏడాది, శ్రావణమాసంలో పుట్టింది. బళ్ళో వేసేటప్పుడు హెడ్మాస్టరుగారు 1953 జూలై 1 అని రాసేశారు. ఆ తరంలో సగం దేశం జూలై 1నే పుట్టింది! మన జననమరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. ఇంగ్లండులో సర్కారువారు మనుషుల పుట్టుకలు నమోదు చేయడం మొదలుపెట్టింది 1837లో. కానీ రేసుగుర్రాల వంశావళి పుస్తకం అక్కడ 1791లోనే అచ్చయింది. మనిషికంటే గుర్రానికే ముందు లెక్క కుదిరింది.

ఆ పుస్తకంలో నాకు నచ్చిన సంగతొకటి ఉంది. పిల్లలను తల్లి పేరు కింద రాస్తారు! ఫలానా ఆడగుర్రం, దాని సంతానం ఇవీ అని. మన కాగితాల్లో తల్లి పేరుకు చోటు దొరకడానికి ఎంత కాలం పట్టిందో మీకు తెలుసు. తండ్రి బతికుండగా తల్లి కూడా సహజ సంరక్షకురాలు కావచ్చునని సుప్రీంకోర్టు చెప్పింది 1999లో. ఆ కేసు వేసిన గీతా హరిహరన్ కూడా నవలా రచయిత్రే కావడం నాకు గర్వం. పాస్‌పోర్టుకు ఒక్క తల్లి పేరు చాలునన్న నిబంధన 2016 చివర్లో గాని రాలేదు.

మరి కాగితం మంచిదా, చెడ్డదా?

నాన్న పోయినప్పుడు ఒక ఆఫీసులో అమ్మను నిలబెట్టి, "మీరే ఆవిడని రుజువేమిటి?" అని అడిగారు. ఒక కాగితంలో పుట్టింటి ఇంటిపేరు, ఒకదాంట్లో అత్తింటి ఇంటిపేరు, రేషను కార్డులో ముద్దుపేరు. ముప్ఫై ఎనిమిదేళ్ళు కాపురం చేసిన మనిషి నలుగురి ముందూ తల దించుకుంది. ఆ రోజు కాగితాలన్నీ తగలబెట్టాలనిపించింది నాకు. కానీ నోటరీ ముందు ప్రమాణం చేసి, ముగ్గురూ ఒకరేనని రాయించాక పింఛను వచ్చింది. ఇవాళ అమ్మ మందులకు ఎవరి ముందూ చెయ్యి చాచదు. అవమానించిందీ కాగితమే, నిలబెట్టిందీ కాగితమే.

రాణి పనీ అలాగే మొదలైంది. పోలీసు స్టేషనులో ఫిర్యాదు, వెతికినా దొరకలేదని వాళ్ళిచ్చే కాగితం, స్టాంపు కాగితం మీద ప్రమాణపత్రం. పశువుల డాక్టరుగారు వచ్చి మెడకు ఎడమపక్క ఒక పరికరం ఆనించారు. చర్మం కింద బియ్యపుగింజంత చిప్పు ఉందట, దాని పదిహేను అంకెల నంబరు పలికింది. జూలు వెంట్రుకలు కుదుళ్ళతో సహా పీకి డీఎన్ఏ పరీక్షకు కవరులో వేశారు. సందులో పిల్లలందరూ చుట్టూ మూగారు. రాణి మాత్రం నా చేతిలోని క్యారెట్టు మీదే ధ్యాసగా ఉంది.

అప్పుడు బయటపడింది అసలు చిక్కు. పుస్తకాల్లో దాని యజమాని ఇంకా పాతాయనే! పరుగు మానేశాక ఆయన దాన్ని ఇతనికి ఊరికే ఇచ్చేశారు. చేతులు మారిందిగాని పేరు మారలేదు. ఆయన సంతకం కావాలి. ఫోను నేనే చేశాను.

"ఏ గుర్రం?" అన్నారు ఆయన. పేరు చెప్పాను. అవతల చాలాసేపు మాటలేదు. "అది ఇంకా ఉందా?" అన్నారు. ఇంకో క్షణం ఆగి, "కాళ్ళెలా ఉన్నాయి?" అని అడిగారు.

ఆ ఒక్క ప్రశ్న కోసమే ఈ కాగితాలన్నీ పుట్టాయేమో అనిపించింది నాకు. పదేళ్ళుగా మరిచిపోయిన మనిషిని ఒక సంతకం వెతికి పట్టుకుంది. ఆ గుర్రం మీద గెలిచిన డబ్బు ఆయనకు ముట్టింది. ఊరేగింపుల డబ్బు ఇతనికి ముట్టింది. గుర్రానికి ముట్టవలసినది ఒకటి మిగిలిపోయింది, దానికి ముసలితనం. ఆ బాకీ ఎవరిదో చెప్పగలిగేది కాగితమొక్కటే. పాతపేపర్లలో పోయింది గుర్రం కాదు, ఆ బాకీ పత్రం.

ఇది రాస్తుంటే మరో తుక్కు గోడౌను గుర్తొస్తోంది. 2022 మార్చి 23 తెల్లవారుజామున మా బోయిగూడలోనే ఒక గోడౌను తగలబడింది. పైన నిద్రపోతున్న బీహారు కూలీలు 11 మంది చనిపోయారు. ఒక్కడు దూకి బతికాడు. ఆ రోజు మేమంతా ఏడ్చాం, పేపరంతా చదివాం. ఇప్పుడు నాకు గుర్తున్నది పదకొండు అనే అంకె. ఒక్క పేరూ గుర్తులేదు. రాణి తాతముత్తాతల పేర్లు పూణెలో అడిగితే చెబుతారు. మనం పారేసిన కాగితాలను ఏరి, కట్టలు కట్టి, వాటి మధ్యే పడుకున్నవాళ్ళ పేర్లు నా మనసులో ఎక్కడా నమోదు కాలేదు. తప్పు కాగితానిది కాదు, నాదే. పల్లకీలు మోసే బోయీల పేరు మీద ఈ పేట వెలిసిందంటారు. మోసినవాళ్ళ పేర్లు ఎవరు రాసి పెట్టారు? శ్రీశ్రీ ఈ సంగతి ఎప్పుడో అడిగారు, జవాబు చెప్పవలసిన వంతు మాత్రం మనదే.

మూడు నెలలకు పూణె నుంచి కొత్త పాస్‌పోర్టు వచ్చింది. మీద 'డూప్లికేటు' అని ముద్ర ఉంది. రాణి వ్యాను ఎక్కి వెళ్ళిన రోజు అతను పనికి పోలేదు. మర్నాడు మా గడప దగ్గరికి వచ్చి ఒక జిరాక్సు కాపీ ఇచ్చాడు.

"ఇది మీకాడ పెట్టుకోండమ్మా. నా ఇంట్ల ఉంటే మళ్ల తుక్కులకు పోతది."

బీరువాలో అమ్మ పింఛను పుస్తకం పక్కన పెట్టాను. ఈసారి మావారు నవ్వలేదు. "ప్లాస్టిక్ కవర్లో పెట్టు, తడవకుండా" అన్నారు.