బాలింత యలసటయు, మన తీర్పును

రాయచూరునుండి గుంతకల్లునకు పోవు రైలుమార్గమున, తుంగభద్ర దాటుటకు ముందుగా మట్మారి యను గ్రామము కలదు. ఏటి కావల కర్నూలు జిల్లా. 1956 నవంబరు 1వ తేదీన ఈ ప్రాంతము హైదరాబాదు రాష్ట్రమునుండి విడివడి మైసూరు రాష్ట్రమున చేరినది. 1973లో ఆ రాష్ట్రము కర్ణాటక మైనది. రాష్ట్రముల పేరులు మాఱినను వియ్యములు మాఱలేదు. ఆదోనినుండి పిల్లను తెచ్చుకొనుటయు, ఎమ్మిగనూరునకు పిల్ల నిచ్చుటయు ఇక్కడి తెలుగు కుటుంబములలో నేటికిని కలదు. ఆవలి యొడ్డున బాలింత యందురు; ఈవల కన్నడమున బాణంతి యందురు. ఆమెకు జరుగు ఉపచారములు మాత్రము రెండు గట్టులను ఒక్కటియే.

ఆ ఉపచారములు చదువరు లెఱుగనివి కావు. తొలికాన్పు పుట్టింట జరుగును. చెవులలో దూది, తలకు గుడ్డ, వేడినీళ్ళు, సాంబ్రాణి పొగ, కాయము, వెల్లుల్లి, పత్యపుకూడు. ఆ దినములలో ఆమె బిందె యెత్తినచో తల్లి కేకలువేయును. పిమ్మట మూడవనెలనో అయిదవనెలనో మంచిదినము చూచి, బిడ్డను సారెతో అత్తవారింటికి పంపుదురు. ఆ దినముతో బాలింతతనము తీఱినట్లు లెక్క. అనగా, ఆమెయెడ మనము చూపవలసిన దయకు పెద్దలొక గడువు ఏర్పఱచిరి. అసలు గడువనునదే లేనిచో, పేదయిండ్లలో ఆమెకు పదిదినముల విశ్రాంతియైనను దక్కెడిది కాదు. కావున వారిని మేము తప్పుపట్టము. అయితే ఆ గడువు ముగిసిన తరువాతనే మొదలగు వ్యాధి యొకటి కలదు. దానిని మేము మా యింటనే చూచితిమి, చూచియు గుర్తింపలేకపోతిమి.

కొన్ని యేండ్లక్రిందట మా కోడలు మూడునెలల బిడ్డతో ఆదోనినుండి మట్మారికి వచ్చినది. వచ్చిన క్రొత్తలో ఆమె చుఱుకుదనమును వీధివారందఱు మెచ్చుకొనిరి. చీకటితో లేచి, వాకిట కళ్ళాపి చల్లి, పొలము పోవువారికి జొన్నరొట్టెలు కాల్చిపెట్టి, ఇంకను పని యేమున్నదని వెదకెడిది. ఒడలు సన్నబడినది, ఊరకయే చెమటలు పట్టెడివి. గుండె దడదడలాడుచున్నదని యొకమాఱు చెప్పినది. పాలిచ్చు తల్లులకు అది మామూలే యని మేము తేల్చివేసితిమి. కోడలనగా ఇట్లుండవలెనని నలుగురి యెదుట పొగడితిమి కూడ.

అయిదవనెల దాటినది. మనిషి మాఱిపోయినది. ప్రొద్దెక్కినను లేవదు. పొయ్యిమీద పాలు పొంగిపోవుచున్నను చూచుచు నిలుచుండును. ముఖ ముబ్బినది, గొంతు బొంగురుపోయినది, దువ్వినప్పుడెల్ల జుట్టు చేతికి వచ్చినది. రాయచూరు వేసవి యెట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు. వైశాఖమాసపు టెండలలో ఆమె దుప్పటి కప్పుకొని పరుండినది. తిండి తగ్గినను ఒళ్ళు వచ్చినది. ఆ లావును చూచి మేమేమంటిమి? తిని పండుకొనిన లావుగాక మఱేమి వచ్చునంటిమి. పుట్టింటి గారాబము ఇప్పుడు బయటపడినదంటిమి. పొగడిన నోటితోనే యంటిమి.

ఆమె యెదురు చెప్పలేదు. ఒకనాడు మాత్రము, "నాకే సిగ్గుగా ఉంది అత్తా, సోమరిదాన్నయిపోతి నేను" అన్నది. మే మిచ్చిన తీర్పునే ఆమెయు తనపై నిచ్చుకొన్నది. మాట పడుటకంటె ఆ మాట నిజమని నమ్ముట కష్టమను సంగతి మాకప్పుడు తోచలేదు.

తొమ్మిదవనెల టీకాకై బిడ్డను రాయచూరునకు తీసికొనిపోయినపుడు, డాక్టరుగారు బిడ్డకంటె తల్లినే యెక్కువసేపు చూచిరి. రక్తపరీక్ష చేయించిరి. థైరాయిడ్ గ్రంథి మందగించినదని తేలినది.

ఈ గ్రంథి గొంతు ముందుభాగమున, సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్లుండును. తూకము సుమారు 20 గ్రాములు. ఉప్పుద్వారమునను ఆహారముద్వారమునను వచ్చు అయోడినును గ్రహించి థైరాక్సిన్ అను రసమును తయారుచేసి రక్తములోనికి విడుచును. ఒంటి వేడి, గుండె వేగము, ప్రేగుల కదలిక, తలపుల చుఱుకు, అన్నియు దానిపై నాధారపడియున్నవి. అది తగ్గినపుడు మెదడు క్రిందనుండు పిట్యూటరీ గ్రంథి, పనిచేయుమని దానిని తొందరపెట్టు మఱియొక రసమును హెచ్చుగ పంపును. టి.ఎస్.హెచ్. అని పరీక్షకాగితములో కనబడున దదియే. గర్భకాలమున తల్లి శరీరము, లోనున్న శిశువును పరాయిదిగా నెంచకుండుటకై, తన రక్షణశక్తిని కొంత అణచుకొనును. కాన్పు కాగానే ఆ శక్తి మరల విజృంభించును. కొందఱిలో అది దారితప్పి థైరాయిడ్‌పైననే పడును. నూర్గురు బాలింతలలో సుమారు అయిదుగురి కిట్లు జరుగును. మొదట గ్రంథిలో నిలువయున్న రసము ఒక్కుమ్మడిగ రక్తములోనికి కారును. అది తొలి మూడునాలుగు నెలల మాట. నిలువ తీఱినపిదప, నాలుగవ నెలకును ఎనిమిదవ నెలకును నడుమ, మాంద్యము వచ్చును. అందఱికి రెండు దశలును కనబడవు. ఏడాది, ఏడాదిన్నరలోపల పెక్కుమందికి తిరిగి కుదురుకొనును, కొందఱికి నిలిచిపోవును.

ఈ వివరణము వినినపుడు మమ్ము కలతపెట్టినది రెండవ దశ కాదు, మొదటిది. మేము సోమరితన మని నిందించినది రోగమైనపుడు, చుఱుకుదన మని పొగడినదియు రోగమే. వాచిన గ్రంథి కారినన్నాళ్ళు ఆమె ఉత్తమురాలు, ఎండినపుడు పనికిమాలినది. మేము మెచ్చుకొనినది ఎవరిని?

వైద్యులకును ఈ సంగతి తేలికగ తెలియలేదు. 1873లో లండనులో సర్ విలియం గల్ గారు, నడివయస్సున ముఖముబ్బి మనస్సు మందగించిన స్త్రీలనుగూర్చి వ్రాసిరి, కారణమును చెప్పలేకపోయిరి. 1891లో ఇంగ్లండు ఉత్తరభాగమున న్యూకాసిల్ పట్టణమున జార్జి మర్రే యను వైద్యుడు, గొఱ్ఱె థైరాయిడ్ రసమును 46 ఏండ్ల యొక స్త్రీకి సూదిద్వారా ఎక్కించెను; ఆమె మఱి 28 ఏండ్లు బ్రదికెను. బాలింతల విషయమున మాకు మిక్కిలి నచ్చినవాడు న్యూజీలాండు గ్రామవైద్యుడు రాబర్టన్. కాన్పైన పిదప అలసట, చలి, జుట్టు రాలుట అని తల్లులు చెప్పుకొనిన మాటలను నమ్మి, వారికి థైరాయిడ్ మందిచ్చి, గుణము కనబడినదని 1948లో ప్రకటించెను. నేటి రక్తపరీక్షలు అప్పటికి లేవు. ఆయనకున్న సాధనము చెవియొక్కటియే. మా యింట నాలుగు జతల చెవులుండెను.

ఒక మిత్రుడు మాతో వాదించెను: "ప్రతి దోషమునకు ఒక గ్రంథిని చూపుచు పోయినచో, లోకమున సోమరి యనువాడే మిగులడు గదా, ఇక మంచిచెడ్డ లెక్కడ?" ఇది త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. బాలింత యలసట యంతయు థైరాయిడే యనుటయు తప్పే. రక్తహీనత యుండవచ్చును, నిద్రలేమి యుండవచ్చును, మనస్సు క్రుంగియుండవచ్చును, ఇంటి పని నిజముగనే మోయరానంత యుండవచ్చును. సోమరులును ఉందురు, మేమే కొంద ఱెఱుగుదుము. కాని సోమరి తన సోమరితనమునకై సిగ్గుపడి యేడ్చుట మేము చూడలేదు. నిన్నటివఱకు పనిచేసిన మనిషి నేడు చేయలేకున్నదన్నచో, ఏమైనదని యడుగుట మన వంతు. అడుగకయే తీర్పు చెప్పితిమి గనుక, పనియెగవేసినవారము మేమే.

ఆమెకు వేఱొక సందేహము కలిగినది. రెండునెలలు మాత్ర వాడగానే మునుపటి మనిషియైనది. అప్పుడు భర్తతో, ఈ చుఱుకు తనదా, మాత్రదా అన్నదట. దీనికి మేము చాలదినము లాలోచించితిమి. శ్రీకాకుళమున పుట్టిన వులిమిరి రామలింగస్వామి గారు, 1956 మొదలుకొని హిమాలయముల క్రింది కాంగ్డా లోయలో, అయోడిను చేర్చిన ఉప్పు తిన్న గ్రామములలో గొంతువాపులు తగ్గుటను నిరూపించిరి. 1962లో దేశమున గాయిటర్ నివారణ పథకము ఆరంభమైనది. ఆ వ్యాధి వేఱు, ఇది వేఱు. మా కోడలికి ఉప్పులోటు లేదు. అయినను ఆ లోయను తలచుకొనినపుడు మాకొకటి తోచినది. మాత్ర వేసికొననివాని చుఱుకు మాత్రము వానిదా? అదియు చిటికెడు ఉప్పులో వచ్చినదే. ఆమె మాత్ర కంటికి కనబడుచున్నది, మనది కనబడుటలేదు. ఇంతకుమించి సమాధానము మాకు దొరకలేదు.

మాత్రతో బ్రదుకుట పెద్ద కష్టము కాదు, శ్రద్ధ కావలెను. పరగడుపున నీళ్ళతో మ్రింగి అరగంటయో గంటయో టీ త్రాగరాదు. బాలింతల కిచ్చు ఇనుము, కాల్షియము మాత్రలను దానితో కలుపక నాలుగు గంటలు ఎడముంచవలెను. బిడ్డకు పాలిచ్చుటకు అడ్డు లేదు. గుణము కనబడినదని తనంతట మానరాదు. ఏడాది గడచినపిదప డాక్టరుగారు మోతాదు తగ్గించి చూచిరి. మా కోడలి గ్రంథి పూర్తిగ కోలుకొనలేదు, మాత్ర నిలిచినది. మరల గర్భము నిలిచినపుడు వెంటనే చెప్పుమనిరి, అప్పుడు మోతాదు పెంచవలసి వచ్చుట తఱచట.

రెండవ కాన్పునకు ఆమె ఆదోని పోయినది. మూడవనెల రాగానే వియ్యంకులవారు మంచిదినము చూచి కబురుచేసిరి. తొందర లేదు, రక్తపరీక్ష కాగితము వచ్చువఱకు, మనస్సుండిన తొమ్మిదవనెల దాటువఱకు, అక్కడనే యుండనిండని మేము జవాబు చెప్పితిమి. మా కేదో కోపము వచ్చినదని తలచి, ఆయన మఱునాటి రైలుకే మట్మారిలో దిగినారు.