అందరికిని తెరచిన ద్వారము

ఒక విద్యాలయము గొప్పదని మనము దేనినిబట్టి చెప్పుచున్నాము? అది ఎందరిని చేర్చుకొనెనని అడుగుదుమా, ఎందరిని త్రిప్పి పంపెనని అడుగుదుమా? ప్రశ్న చిన్నదే గాని, మన బిడ్డలను మనమెట్లు ఎంచుచున్నామో అది బయలుపరచును.

అమెరికా దేశమందు కమ్యూనిటీ కాలేజీలను రెండేండ్ల కళాశాలలు కలవు. వానిలో నేటివరకు నడచుచున్న ప్రభుత్వ కళాశాలలలో మొదటిది 1901లో జోలియెట్ పట్టణమున ఆరుగురు విద్యార్థులతో ఆరంభమాయెను. తరువాత 1960లో కాలిఫోర్నియా రాష్ట్రమువారు ఒక విద్యా ప్రణాళికను ఏర్పరచుకొనిరి. హైస్కూలు చదువులో ముందున్న ఎనిమిదవ వంతువారు రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు అర్హులు; రెండేండ్ల కళాశాలలు మాత్రము చదువువలన మేలుపొందగల వారందరికిని తెరచియుండవలెను. అక్కడ బాగుగా చదివినవారు మూడవ సంవత్సరమున విశ్వవిద్యాలయమునకు మారుటకు దారియు ఉండవలెను. మన ప్రాంతమున పాలిటెక్నిక్ డిప్లొమా ముగించి, ఈసెట్ వ్రాసి, ఇంజనీరింగు రెండవ సంవత్సరమున చేరువారిని మీరెరుగుదురు గదా. అదియు దాదాపు ఇట్టి దారియే.

దారి యున్నదిగాని సులువైనది కాదు. నిర్ణయించిన గణితము, భౌతికశాస్త్రము మొదలగు పాఠములను మంచి మార్కులతో ముగించవలెను. ఆ విశ్వవిద్యాలయమునకు డిగ్రీ విద్యార్థులను చేర్చుకొను ప్రాంగణములు తొమ్మిది. నియమములు నెరవేర్చినవారికి చోటు నిశ్చయముగా ఇత్తుమని ముందే మాట ఇచ్చునవి ఆరు. బర్క్లీ, లాస్ ఏంజెలిస్, శాన్ డియాగో ప్రాంగణములు అట్టి మాట ఇయ్యవు. కంప్యూటరు శాస్త్రము వంటి శాఖలలో చోట్లు కొద్ది, కోరువారు అనేకులు. కావున ఒకరు చేరినప్పుడు, అంతే కష్టపడిన మరియొకరు వెనుకకు మరలుదురు.

ఒక యౌవనుని తలంచుకొనుడి. పగలు అంగడిలో పనిచేసి, సాయంకాలము ఆ చిన్న కళాశాలలో రెండేండ్లు చదివెను. పేరుపొందిన ప్రాంగణమున చోటు దొరికెను. ఆ దినము మొదలుకొని ఎవరు అడిగినను క్రొత్త పేరే చెప్పును. చేయిపట్టి నడిపిన కళాశాల పేరు అతని పెదవి దాటదు. ఎందుకీ సిగ్గు? అక్కడి పాఠములు తక్కువవా? కావు, వానినే విశ్వవిద్యాలయము లెక్కకు తీసికొని అతనిని చేర్చుకొనెను. అది అందరిని రానిచ్చెను గనుకనే అతడు సిగ్గుపడుచున్నాడు.

చదువరులారా, ఇక్కడ మనము ఆగి ఆలోచింపవలెను. అందరును చేదుకొనుచున్నారని బావినీరు చప్పబడునా? ఊరి బావియొద్దకు రానీయని దినములను మన పెద్దలలో అనేకులెరుగుదురు. కడవ పట్టుకొని దూరముగా నిలిచి, ఎవరైన దయతలచి పోయుదురాయని కనిపెట్టినవారి మనుమలము మనము. మూసిన ద్వారము వెలుపల నిలుచుట ఎట్టిదో ఎరిగిన మనమే, మూసియుండుటనుబట్టి ఒక ద్వారమును ఘనమైనదని ఎంచుట తగునా?

అయితే ఎంపికచేయుట అన్యాయమా? అట్లని నేననను. వంతెన కట్టువానికి లెక్క తప్పరాదు. ప్రయోగశాలలు, ఉపాధ్యాయులు పరిమితముగా నుండగా అందరిని ఒకచోట కూర్చుండబెట్టుట సాధ్యము కాదు. బావియొద్ద త్రోసివేసినవారు మనిషిని చూచి త్రోసిరి. ఇక్కడ సిద్ధపాటును చూతురు, పిమ్మట కుర్చీలను లెక్కింతురు. గాని కుర్చీలు ముగిసినంతమాత్రమున మనుష్యుని విలువ ముగియదు. ఎంపిక ఉత్తరము కుర్చీలనుగూర్చి చెప్పును. దానిని మనుష్యునిగూర్చి తీర్పుగా చదువుటయే మన పొరపాటు.

కావున చోటు దొరికినవాడు తన మొదటి కళాశాల పేరు నిండునోట చెప్పవలెను. వెనుక వచ్చు తమ్మునికి ఏ పాఠము ముందు చదువవలెనో చూపవలెను. ఎక్కిన నిచ్చెనను లాగివేయరాదు. దొరకనివాడు ఈ సంగతి మరువరాదు: ఆ ఉత్తరము చోటును నిరాకరించెనుగాని, నేర్చిన విద్యను తిరిగి పుచ్చుకొనలేదు. వేరు ప్రాంగణమునకైనను, పనికైనను అది అతనితోకూడ వచ్చును.

తలిదండ్రులారా, మీతో ఒక మాట. ఆదివారము ఆరాధన ముగిసి చెట్టునీడను నిలిచినప్పుడు, సెలవులకు వచ్చిన బిడ్డలను, ఏ కాలేజీయని అడుగుదుము. ఒక పేరు విని చేయి పట్టుకొందుము. మరియొక పేరు విని, మంచిదని ముఖము త్రిప్పుకొందుము. ఆ రెండవ బిడ్డ దానిని చూచును, మరువదు. ఈ ఆదివారము ఆ బిడ్డయొద్ద మరికొంతసేపు నిలిచి, ఏమి నేర్చుకొనుచున్నావని అడుగుడి.