ఏమరుపాటు

తెలుగున మనము 'ప్రమాదము' అను మాటను ఆపద అను అర్థమున వాడుచున్నాము. రైలు పట్టాలు తప్పినను ప్రమాదమే, పాకకు నిప్పంటుకొన్నను ప్రమాదమే. సంస్కృతమున ఆ మాటకు అర్థము వేరు. చేయవలసిన పనియందు మనస్సు నిలువకుండుట, అనగా ఏమరుపాటు, అదియే ప్రమాదము. కారణమునకు గల పేరును మనము కార్యమునకు పెట్టుకొంటిమి. ఇందువలన మనకు కలిగిన సౌకర్యము స్వల్పము కాదు. 'ప్రమాదవశమున జరిగినది' అని పలికినవాడు తాను నిర్దోషినని చెప్పుకొనుచున్నానని తలచును. ఆ పలుకు మాత్రము అతని లోపమునే చాటుచుండును.

ఈ భేదమును గూర్చి నేను ఆలోచించుటకు కారణము భిలాయి సెక్టర్ 7లో జరిగిన ఒక చిన్న సంభాషణ. ఉక్కు కర్మాగారము కట్టబడిన నాటినుండి ఆ ఊర తెలుగు కుటుంబములు స్థిరపడియున్నవి. మేము పదిమందిమి శనివారములందు ఒకరి యింట చేరి వాల్మీకి రామాయణము చదువుకొనుచుందుము. ఒకనాడు మాలో ఒకరి మనుమడు వచ్చి వెనుక కూర్చుండెను. ఇరువది రెండేండ్లవాడు, వేరొక రాష్ట్రమున విమానము నడపుట నేర్చుకొనుచు సెలవుపై వచ్చినవాడు. పారాయణము ముగిసి అందరును ప్రసాదము తీసికొని వెళ్లిన పిమ్మట అతడు నన్ను సమీపించి, "తాతగారూ, మరచిపోవుట పాపమగునా?" అని అడిగెను.

ఏమి మరచితివి నాయనా అంటిని. విమానపు చక్రములు దింపుట మరచితినని చెప్పెను.

చదువరులలో విమానముల సంగతి ఎరుగనివారికై కొంచెము వివరింతును. నేర్చుకొనువారు మొదట నడపు చిన్న విమానములకు చక్రములు ఎల్లప్పుడును క్రిందికే ఉండును. వానిని గూర్చి తలపవలసిన పని లేదు. కొన్నింటికి మాత్రము, గాలి ఒరిపిడి తగ్గుటకై, ఎగిరిన వెంటనే చక్రములు లోనికి ముడుచుకొనును. నేలకు దిగుటకు ముందు ఒక మీటను నొక్కి వానిని మరల దింపవలయును. చేతికి తగులగనే తెలియుటకై ఆ మీట కొనను చక్రపు ఆకారముననే చేయుదురు. చక్రములు దిగి బిగిసినచో మూడు ఆకుపచ్చ దీపములు వెలుగును. దింపకయే ఇంజను వేగము తగ్గించినచో ఒక కూత మ్రోగును. ఇన్ని ఏర్పాట్లు ఉండియు, ప్రతి సంవత్సరము ప్రపంచమున ఎందరో చోదకులు విమానమును పొట్టపై దింపుచునే యున్నారు. వారిలో చాలమంది అనుభవము గలవారు. సాధారణముగా ఎవరికిని దెబ్బ తగులదు. ప్రొపెల్లరు రెక్కలు వంగును, అడుగుభాగము గీచుకొనిపోవును, ఇంజనును విప్పి చూడవలసి వచ్చును.

"కూత వినబడలేదా?" అని అడిగితిని. "వినబడినదండీ. అది ఏమిటో తోచలేదు" అనెను. విమానచోదకులు చెప్పుకొను హాస్యమొకటి కలదు: పొట్టపై దిగినవానిని, నేలనుండి మేమంత హెచ్చరించినను ఏల వినలేదని అడుగగా, ఏదో కూత మ్రోగుచుండుటచే మీ మాట వినబడలేదని బదులిచ్చెనట. నేను నవ్వితిని, ఆ కుర్రవాడు నవ్వలేదు. ముందొక విమానము అడ్డు వచ్చుటచే నేలపై అధికారి అతనిని మరియొకసారి చుట్టి రమ్మనెను. ఆ విమానమునే కనిపెట్టి చూచుచు వచ్చెను. దింపు పని అంతయు అలవాటు చొప్పున సాగెను, ఆ ఒక్క పని తప్ప.

కావున ఇది శ్రద్ధలేమి కాదు. శ్రద్ధయంతయు ఒకచోట చిక్కుకొనుట. కాళిదాసు శకుంతల ఇట్లే దుష్యంతుని తలచుచు కూర్చుండి, వాకిట నిలిచిన దుర్వాసుని కేక వినలేదు. చెవి లోపము కాదు, సోమరితనమును కాదు. అయినను శాపము తగిలినది. గీత పదునాలుగవ అధ్యాయమున ప్రమాదమును తమోగుణమునకు చెందినదిగా చెప్పుట మనము చదివియున్నాము. కాని మన నాటి ఏమరుపాటులలో రజస్సు పాలు తక్కువ కాదని నాకు తోచుచున్నది. నిద్రమత్తుతో మరచువారికంటె తొందరలో మరచువారే ఎక్కువ.

శ్రీరామకృష్ణులు చెప్పుచుండిన అటుకులు దంచు స్త్రీ కథ ఇచట జ్ఞప్తికి వచ్చును. ఒక చేత అటుకులు త్రిప్పుచు, ఒడిలోని బిడ్డకు పాలిచ్చుచు, కొనవచ్చినవానితో బేరమాడుచునే యుండును. మనస్సులో ఎక్కువ పాలు మాత్రము రోకలి చేతిపై పడకుండ చూచుకొనుటయందే. ఆ కుర్రవాని చేతులు, నోరు, కన్నులు అన్నియు పనిచేసినవి. రోకలిని కనిపెట్టు పాలు ఆ క్షణమున లేకపోయినది.

అట్లయిన అది పాపమా? జ్ఞాపకము మన ఆజ్ఞకు లోబడినది కాదు. 'ఇప్పుడు నేను మరువకుందును' అని సంకల్పించుటకు, ఆ వస్తువు ముందే జ్ఞప్తికి రావలయును కదా! మరచిన క్షణమున సంకల్పమే లేదు. సంకల్పము లేనిచోట పాపమును ఎట్లు చెప్పుదుము? పతంజలి కూడ ప్రమాదమును పాపముల పట్టికలో చేర్చలేదు. రోగము, సంశయము, ఆలస్యము మున్నగువానితోపాటు యోగమునకు అంతరాయముగా లెక్కించెను. ఇంతవరకు కుర్రవానికి ఊరటయే.

కాని ఆ క్షణమునకు ముందొక కాలము కలదు. 1935 అక్టోబరు 30న అమెరికాలోని రైట్ ఫీల్డున బోయింగ్ వారి క్రొత్త బాంబరు విమానము, మోడల్ 299, ఎగిరిన వెంటనే కూలెను. నడిపిన మేజర్ హిల్ మిక్కిలి నేర్పరి. నేలపై నిలిపినపుడు గాలికి తోక రెక్కలు కదలకుండ బిగించు గడియను తీయుట మరచిరి. ఆయన మరణించెను. దాని పిమ్మటనే, చోదకుడు తన జ్ఞాపకమును నమ్మక వ్రాసిన జాబితాను చదువుచు ఒక్కొక్క పనిని సరిచూచుకొను పద్ధతి స్థిరపడినది. గొప్ప నేర్పరియు మరచునని ఒప్పుకొనుటనుండి ఆ పద్ధతి పుట్టినది. గురుకులమును వీడు శిష్యునికి తైత్తిరీయోపనిషత్తున ఆచార్యుడు, సత్యమునందు, ధర్మమునందు, అధ్యయనమునందు ఏమరవద్దని వరుసగా పేరుపేరున చెప్పుట చూడుడు. అన్నియు నేర్చినవానికే ఆ హెచ్చరిక.

"నీకును జాబితా ఉండునుగదా?" అంటిని. ఉండును, అయితే కంఠస్థమైనందున రెండు నెలలుగా కార్డు తీయుట మానితినని చెప్పెను. లోపము అచట ఉన్నది. మరచిన క్షణమున అతడు స్వతంత్రుడు కాడు. కార్డు మానిన ప్రతిదినమును స్వతంత్రుడే. వివేకచూడామణిలో ప్రమాదమునకు మెట్లపై జారిన బంతి పోలిక కలదు. బంతి క్రింది మెట్టున ఆగలేదని నిందింపము. పై మెట్టున చేయి వదలినందుకు నిందింతుము.

2021 మే 6న నాగపూరునుండి రోగితో బయలుదేరిన ఒక చిన్న విమానమునకు ఎగురునప్పుడే చక్రమొకటి ఊడిపోయెను. అది తెలిసిన చోదకుడు ముంబయిలో నురుగు పరచిన రన్‌వేపై విమానమును పొట్టపై దించగా ఎవరికిని గాయము కాలేదు. అదే పొట్ట, అదే గీచుడు. అతనిని అందరును కొనియాడిరి. కరాచీలో 2020 మే 22న దిగిన పెద్ద విమానము సంగతి వేరు. చక్రములు లేకయే ఇంజన్లు నేలకు రాచుకొనెను. చోదకులు మరల పైకి లేపిరి. దెబ్బతిన్న ఇంజన్లు ఆగిపోయి విమానము ఇండ్లపై కూలెను. అందులోని 99 మందిలో 97 మంది మరణించిరి. చోదకులు కరోనా వ్యాధిని గూర్చియు, తమ కుటుంబములకు దానివలన కలిగిన బాధను గూర్చియు మాటలాడుకొనుచుండిరని ఆ దేశపు మంత్రి పార్లమెంటున చెప్పెను. ఇంటివారి బాధను తలచుటను నేరమనుటకు నాకు నోరాడదు. అయినను ఆ తలపు మోసినది 99 ప్రాణములను.

ఇంతవరకు విని కుర్రవాడు లేవలేదు. చాలసేపటికి అసలు మాట బయటపడినది. విమానము గీచుకొనుచు ఆగిన పిమ్మట, దిగుటకు ముందు, అతడు మీటను క్రిందికి త్రోసెను. విచారించినవారితో, మీట నొక్కితిననియు చక్రములు దిగలేదనియు చెప్పెను. ఆ ఉదయము విమానమును పరీక్షించి సంతకము చేసిన మెకానికును విచారణ ముగియువరకు పనినుండి తొలగించిరి. ఇద్దరు బిడ్డల తండ్రియట.

అతడు మొదట అడిగిన ప్రశ్న అప్పటికి పూర్తిగా మారిపోయినది. గాలిలో మరచిన చేయి నేలపై చక్కగా జ్ఞప్తి తెచ్చుకొన్నది! మొదటిదానికి సంకల్పము లేదు, రెండవదానికి కలదు.

నేను అయోధ్యాకాండ తీసి దశరథుని కథ చదివి అర్థము చెప్పితిని. చీకటిలో ఏనుగు నీరు త్రాగు చప్పుడనుకొని బాణము వేసెను. అది కడవ నింపుకొను ముని బాలునికి తగిలెను. తెలియక చేసిన పనియే. కాని రాజు అచటినుండి పారిపోలేదు. ఆ కడవనే తీసికొని గ్రుడ్డి తల్లిదండ్రుల కడకు తానే పోయి, మీ కుమారుని చంపినవాడను నేనని చెప్పెను. అప్పుడు ఆ వృద్ధుడు, ఈ సంగతి నీవై వచ్చి చెప్పకుండినచో నీ తల వ్రక్కలైయుండెడిదనియు, తెలియక చేసినందుననే ఇంకను జీవించియున్నావనియు పలికెను. శాపము మాత్రము తప్పలేదు. మనుస్మృతి పదునొకండవ అధ్యాయమును తెలిసి చేసిన పాపమును తెలియక చేసినదానితో కలుపక విడదీయును. తెలియక చేసినదానికిని ప్రాయశ్చిత్తము వలదనదు.

"చెప్పితే నాకు ఇక విమానము ఇవ్వరేమో తాతగారూ" అనెను. ఇవ్వకపోవచ్చునంటిని. అబద్ధమాడి అతనిని ఊరడించుటకు నాకు మనసొప్పలేదు. చెప్పినచో ఆ మెకానికు తనను క్షమించునా అని అడిగెను. దానికి నేను సమాధానము చెప్పలేకపోతిని. అది అతని చేతిలోని పని కాదు, నా చేతిలోనిదియు కాదు. గ్రుడ్డి తండ్రి దశరథుని క్షమింపలేదు కదా.

మరునాటి ఉదయము వాని తాతగారు కూరగాయల సంచితో ఎదురుపడి, మనుమడు తెల్లవారకముందే దుర్గు స్టేషనుకు పోయెననియు, సెలవు ఇంక నాలుగు దినములుండగా ఈ తొందర ఏలనో తెలియలేదనియు చెప్పెను.