యశోద త్రాడు

పుదుచ్చేరి లాస్‌పేట విమానాశ్రయ మార్గమున ఒక మధ్యాహ్నము కారులో మా మనుమరాలు గొంతు బొంగురువోవునట్లు ఏడ్చినది. ఎనిమిది నెలల పాప. శిశుపీఠపు పట్టీలను సహింపదు. తోపుడుబండి యన్నను అంతే. “ఒడిలోనికి తీసికొందునా, మామయ్యగారూ?” అని ముందు కూర్చున్న కోడలు అడిగినది. వెంటనే బదులు చెప్పలేకపోతిని.

ఏడ్చు బిడ్డను ఎత్తుకొనకుండుట క్రూరత్వము కాదా? కాని బండి హఠాత్తుగా ఆగినచో లోనివారి దేహములు అదే వేగమున ముందునకు దూకును. అపుడు శిశువును నిలుపుటకు ఏ తల్లి చేతులును చాలవు. 14 ఏండ్లు నిండని పిల్లలకు రక్షణపట్టీ లేనిచో 1000 రూపాయల జరిమానా యని 2019 నాటి మోటారు వాహన చట్ట సవరణ. జరిమానా మాట అటుండనిండు.

యశోద కృష్ణుని రోటికి కట్టబోగా త్రాడు ప్రతిసారియు రెండంగుళములు తక్కువయ్యెనని భాగవతకథ. ఆమె కట్టినది అల్లరి మాన్పుటకు. మనము కట్టునది ప్రాణరక్షణకు. అయినను బిడ్డకు తెలియునది బంధమే గాని కారణము కాదు. కారణ మెరిగినవారము గనుక కట్టు విప్పరాదు, నిజమే; కాని ‘నీ మంచికే’ యని చెవులు మూసికొను అధికారము మనకెక్కడిది?

చెట్టునీడను బండి నాపించితిని. పాపను ఎత్తుకొని చూతుము గదా, పట్టీ కొక్కెము ఎండకు చురుక్కుమనుచున్నది! ఇంతసేపు దానిని మొండితన మనుకొంటిమి. తడిగుడ్డతో చల్లార్చితిమి. వెనుకకు తిరిగియున్న ఆ పీఠమునుండి తల్లిముఖము కనబడదు. కావున నా చోట కోడలు కూర్చుండి మరల కట్టినది. పాప ఏడ్చినది, కొంత తక్కువగా. ఇల్లు చేరువరకు తల్లి వ్రేలు దాని పిడికిట నుండెను.