చీటీ లేని ప్లేటు

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగి 62 ఏళ్లకు, తెలంగాణలో 61కి రిటైరవుతాడు. ఆ మర్నాటి నుంచి అతను ఏం కొన్నా ఇంట్లోవాళ్ల కన్ను దానిమీద పడుతుంది. మందులు కొంటే ఎవరూ ఏమీ అనరు. మనవడికి సైకిలు కొంటే సంతోషిస్తారు. చంకలో పాత ఎల్.పి. రికార్డు పెట్టుకుని గేటు తీస్తే మాత్రం "ఇంకానా?" అంటారు. ఆ ఒక్క మాటలో వాదం చాలానే ఉంది. మన శాస్త్రగ్రంథాల్లో ఎదుటివాడి పక్షాన్ని ముందు నిలబెట్టి, దానికి చేకూర్చగలిగినంత బలం చేకూర్చి, తమ మాట ఆ తర్వాత చెప్పుకునేవారు. ఆ పూర్వపక్షికి ఇక్కడా ముందు పీట వేస్తున్నాను. పేరు అక్కర్లేదు, ప్రతి ఇంట్లోనూ ఉంటాడు.

"అయ్యా, ముందు లెక్క చూద్దాం" అంటాడు పూర్వపక్షి. "మీ దగ్గర వెయ్యి ఎల్.పి.లు ఉన్నాయనుకోండి. రెండు వైపులూ కలిపి ఒక్కోటి నలభై నిమిషాలు. రోజుకో గంట చొప్పున విన్నా, అన్నీ ఒక్కసారి పూర్తయ్యేసరికి దాదాపు రెండేళ్లు పడుతుంది. రెండోసారి వినాలనిపించే వాటి మాట నేనెత్తను. అట్టతో కలిపి ఒక్కోటి పావుకిలో, అంటే ఇంట్లో పావు టన్ను బరువు. నిలబెట్టి పేరిస్తే నాలుగు మీటర్ల అల్మరా. అందులో ఉన్న పాటలు చాలావరకు ఫోనులో ఉన్నాయి. పిల్లలు ఇంకో ఊళ్లోనో ఇంకో దేశంలోనో ఉన్నారు. మీ తర్వాత ఇవన్నీ జుమ్మెరాత్ బజారుకో ఎర్రగడ్డ ఆదివారం సంతకో పోతాయి. వదిలించుకోవాల్సిన వయసులో ఇంకా పోగెయ్యడమేమిటండీ?"

ఇందులో ఒప్పుకోవాల్సింది చాలా ఉంది కనుక ఆ పని ముందే చేసేద్దాం. రికార్డులు కూడబెట్టేవాళ్లు చెప్పుకునే సమర్థనల్లో రెండు నాకు ఎప్పుడూ ఆనలేదు. ఒకటి, రికార్డు మీద వినిపించే శబ్దమే వేరు అన్నది. వేరే కావచ్చు. కానీ వయసుతో పాటు మనిషి చెవి ముందుగా పోగొట్టుకునేది సన్నటి పైస్థాయి ధ్వనుల్నే. ఖరీదైన కొత్త రికార్డు విప్పి చూపించే సూక్ష్మాలు ముప్పై ఏళ్లవాడికి వినపడినట్టు అరవై అయిదేళ్లవాడికి వినపడవు. (తమాషా ఏమిటంటే, నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత 78 రికార్డులకు ఈ ఇబ్బంది తక్కువ. కొమ్ములోకి పాడించి రికార్డు చేసిన కాలంలో ప్లేటు మీదికి ఎక్కిందే సుమారు 2,500 హెర్ట్జ్ దాకా. 1925లో విద్యుత్ రికార్డింగు వచ్చాక అయిదారు వేల దాకా ఎక్కింది. దానికి పెన్షనరు చెవి సరిపోతుంది.) రెండో సమర్థన సంతోషం. సంతోషానికి లెక్కలేమిటి అంటారు. నిజమే, కానీ వినే సంతోషానికి యాభై రికార్డులు చాలు. యాభై ఒకటో దానితో మొదలయ్యేది వినడం కాదు, సేకరణ. ఈ రెండింటికీ ఎంత దూరం ఉందో అమెరికా అంగళ్లు చూపిస్తున్నాయి. 2022లో అక్కడ వినైల్ రికార్డులు 4.1 కోట్లు అమ్ముడుపోతే, సీడీలు 3.3 కోట్లే పోయాయి. 1987 తర్వాత సంఖ్యలో రికార్డుది పైచేయి కావడం అదే మొదలు. ఆ మరుసటి ఏడు లూమినేట్ సంస్థ ఆరా తీస్తే, అలా కొన్నవాళ్లలో రికార్డు ప్లేయరు ఉన్నది సగం మందికే అని తేలింది. మిగతా సగం మంది ఏం కొన్నట్టు?

కాబట్టి వినడాన్ని అడ్డం పెట్టుకుని సేకరణను కాపాడలేం. దాని కాళ్ల మీద అది నిలబడాలి. నిలబడగలదనే నా వాదం, కాకపోతే ఒక షరతు మీద. ఆ షరతు ఎక్కడిదో తెలియాలంటే ప్లేటును కాస్త దగ్గరగా పట్టుకుని చూడాలి. 78 రికార్డు తయారీలో లక్క ఒక ముఖ్యమైన సరుకు. పాండవుల ఇంటిలో, ఏటికొప్పాక బొమ్మల మీద, లాడ్ బజారు గాజుల్లో ఉన్న లక్కే దీంట్లోనూ ఉంది. మధ్యలో గుండ్రటి కాగితం. దాని మీద కంపెనీ బొమ్మ, పాట, పాడినవాళ్ల పేరు, ఎన్ అనో జి.ఇ. అనో మొదలయ్యే కేటలాగు నంబరు ఉంటాయి. ఎప్పుడు పాడారో సాధారణంగా ఉండదు. ఎక్కడ పాడారో, పక్కన వాయించింది ఎవరో చాలా వాటిమీద ఉండదు. పాట గాడి ముగిశాక లేబులు చుట్టూ నున్నటి పట్టీ ఒకటి ఉంటుంది. వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే అక్కడ ఇంకో నంబరు చెక్కి కనిపిస్తుంది. తొలినాటి ప్లేట్లలో ఆ నంబరు చివరి అక్షరాన్ని బట్టి ఆ రోజు యంత్రం దగ్గర కూర్చున్న ఇంజినీరు ఎవరో చెప్పొచ్చు. చెప్పొచ్చు, అది తెలిసిన మనిషి ఉంటే.

ప్లేటుకు తన సంగతి తనకు తెలియదన్న గ్రహింపు ఈ పరిశ్రమకు మొదటి రోజు నుంచీ ఉంది. 1902లో రికార్డింగు ఇంజినీరు ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గాయని గౌహర్ జాన్ చేత పాడించినప్పుడు, ఆమె పాట చివర తన పేరు ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. దాన్ని గొప్పకు పోవడం అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అసలు సంగతి వేరు. ప్లేట్లు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్లో, అక్కడి పనివాళ్లకు ఈ గొంతు ఎవరిదో తెలిసే దారి లేదు. 1908లో సియాల్దాలో ఫ్యాక్టరీ వచ్చేదాకా మన ప్లేట్లు దాదాపు అన్నీ ఓడెక్కి వెళ్లి వచ్చినవే. పేరు రాసిన చీటీ పోతే ప్లేటు అనామకమైపోతుందనే భయంతో, చీటీని పాటలోనే కలిపి పాడించారన్నమాట.

"పేరు ప్లేటు మీదే ఉంటే ఇక చీటీ దేనికండీ? ఫోనులో వెతికితే మిగతా వివరాలూ వస్తాయి కదా!"

కొన్ని వస్తాయి. సినిమా పాటనే తీసుకోండి. 78 మీద ఒక వైపు పట్టేది మూడు నిమిషాల చిల్లర. తెరమీద అయిదు నిమిషాలు సాగిన పాటను ప్లేటు కోసం కుదించి పాడించిన సందర్భాలున్నాయి. సినిమాలో లేని చరణం ప్లేటు మీద, ప్లేటు మీద లేని చరణం సినిమాలో ఉండటమూ కద్దు. ఫోనులో ఆ పాట సినిమా పేరుతో, గాయకుడి పేరుతో దొరుకుతుంది. అది ఏ పాఠమో అక్కడ రాసి ఉండదు. నాటకాల సెట్ల సంగతి ఇంకా చిక్కు. ఒక నాటకాన్ని కొన్ని ప్లేట్ల సెట్టుగా అమ్మేవారు. అందులో మూడోది పగిలిపోతే కథకు నడుమ గొయ్యి పడుతుంది. ఆ గొయ్యి ఉందని, అది ఎంత లోతుందని తెలిసేది మిగతావన్నీ వరసగా విన్నవాడికే. ఇలాంటి తెలివిడే సేకరణంటే. ప్లేట్లు దానికి ఆనవాళ్లు. ఈ రెండూ ఒకేచోట ఉన్నంతకాలం తేడా తెలియదు. మనిషి పోయిన రోజున తెలివిడి అతనితో పోతుంది, ఆనవాళ్లు పావు టన్ను బరువుతో అక్కడే ఉంటాయి.

ఇది ఊహ కాదనడానికి పాల్ మాహినీ ఉదంతం ఉంది. అమెరికాలోని పిట్స్‌బర్గ్ దగ్గర రికార్డుల కొట్టు పెట్టి, ఒక్కోదానికి ఒక ప్రతి దాచుకుంటూ పోయి, దాదాపు 30 లక్షలు పోగేసినవాడు. వయసు, అనారోగ్యం మీదపడ్డాక అమ్మకానికి పెట్టాడు. 2008లో ఈబేలో 30 లక్షల డాలర్లు దాటి పాట పలికింది గానీ అది నిజమైన బేరం కాదని తేలింది. ఏళ్ల తరబడి కొనేవాడు లేడు. చివరికి 2013లో బ్రెజిల్ బస్సుల వ్యాపారి జీరో ఫ్రైటాస్ ఆ మొత్తాన్నీ తీసుకున్నాడు. కథ సుఖాంతమే అనిపిస్తుంది. కానీ ఫ్రైటాస్ దగ్గర కేటలాగు పనికి కుదిరిన కుర్రాళ్లు రోజుకు రాయగలిగేది 500 అని మరుసటేడు పత్రికల్లో వచ్చింది. ఆ వేగంతో మాహినీ సరుకు ఒక్కటే సెలవు లేకుండా రాసినా పదహారేళ్లు దాటుతుంది. పైగా అప్పట్లో వాళ్లు రాసేదానికంటే కొత్తగా వచ్చిపడేవే ఎక్కువ. ప్రపంచంలోకెల్లా పెద్ద సేకరణ అని దానికి పేరు. నన్నడిగితే, అందులో చీటీ పడినంత మేరకే సేకరణ. మిగతాది గోదాము.

అందుకని షరతు ఇదీ: రిటైరైనవాడు కొనొచ్చు, రాయగలిగినంత వేగంతో. ఒక ప్లేటు ఇంట్లోకి వచ్చిందంటే, దాన్ని విని దాని గురించి ఒక చీటీ రాసేదాకా రెండోది రాకూడదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఈ పని వాయిదా వేయడానికి సాకు ఉంది. తీరిక దొరికాక ఆ సాకు ఉండదు. ఆ లెక్కన సేకరణ మానేయాల్సిన వయసు రిటైర్మెంటు కానే కాదు, మొదలుపెట్టాల్సిన వయసు. కేరళ అటవీ అభివృద్ధి సంస్థలో పనిచేసి రిటైరైన సన్నీ మాథ్యూ, కోట్టయం జిల్లా ప్లాశనాల్‌లో తన గ్రామఫోన్లకు, లక్ష దాకా ఉన్న రికార్డులకు మ్యూజియం తెరిచింది ఉద్యోగం ముగిశాకే. ఇక విని రాయడానికి తెలుగువాళ్లకు దగ్గరి ఉదాహరణ రికార్డుల సేకర్త వి.ఎ.కె. రంగారావు. ఆయన బీరువాల్లో ఎన్ని వేల ప్లేట్లున్నాయన్నది చెప్పుకోవడానికి బాగుంటుంది. ఆయన రాసిన 'ఆలాపన' శీర్షిక చదివినవాళ్లకు దక్కింది మాత్రం వాటి సంఖ్య కాదు, వాటిని పక్కపక్కన పెట్టి విన్న మనిషి చెప్పిన కబురు.

"ముప్పై అయిదేళ్లు ఫైళ్లు రాసి రాసి బయటపడ్డవాణ్ని, మళ్లీ రిజిస్టరు ముందు కూర్చోబెడతారా?" ఈ ఆక్షేపణలో పూర్వపక్షి గొంతు కొంచెం వణికింది, న్యాయంగానే. కానీ చీటీలో ఏముంటుందో చూడండి. నంబరు, పేర్లు. లేబులు మీద గాయని పేరు తప్పు అచ్చయితే ఆ సంగతి. రెండో వైపు సూది ఎక్కడ ఎగురుతుందో. హార్మోనియం శ్రుతి పాటకంటే కాస్త కింద ఉంటే అది. ఏ ఊళ్లో, ఎలాంటి మూట మధ్యలో దొరికిందో. మద్రాసు మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది కనుక, అక్కడ కొన్నదైతే ఆ ఒక్క ముక్కకే విలువ ఉంది. ఇవన్నీ రాయాలంటే ప్లేటును మూడుసార్లు వినాలి. ఆఫీసు నోటు ఎవరో అడిగారని రాసేది. ఇది చెవి అడిగితే రాసేది. పెన్సిలు చేతిలో ఉన్నప్పుడు వినపడేవి, పడక్కుర్చీలో వెనక్కి వాలినప్పుడు వినపడవు.

ఇక వదిలించుకోవాల్సిన వయసు అన్నారే, ఆ వానప్రస్థం మాట. అపరిగ్రహాన్ని నేను తేలిక చేయను. అయితే వానప్రస్థుడు ఇల్లు తగలబెట్టి అడవికి పోలేదు, కొడుక్కి అప్పగించి పోయాడు. అప్పగింతకు జాబితా కావాలి. పిల్లలు తీసుకుంటారని ఆశపడొద్దు. తీసుకోకపోవడం వాళ్ల తప్పూ కాదు. ముంబయిలో 1990 నుంచి భారతీయ రికార్డు సేకర్తల సంఘం ఉంది. పాత ప్లేట్లను డిజిటల్ చేసే ఆర్కైవ్ ఆఫ్ ఇండియన్ మ్యూజిక్ లాంటివి వచ్చాయి. అలాంటి చోట ఎవరికైనా చూపించడానికి మూట విప్పితే సరిపోదు, పట్టిక చేతిలో ఉండాలి. అంతకంటే ముందు ఇంట్లోనే ఒక గండం ఉంది. దుమ్ము తుడవడానికి మంచి మనసుతో ఎవరో స్పిరిటులో ముంచిన దూది పట్టుకొస్తారు. వినైల్ అయితే తట్టుకుంటుంది. లక్క ప్లేటు కరుగుతుంది, వడ్రంగి పాలిష్ కలుపుకునేది అలా కరిగించే కదా. గాడులు అలికేసినట్టవుతాయి. "స్పిరిటు తగలనివ్వొద్దు, మే నెలలో కిటికీ పక్కన ఒరిగించొద్దు" అని చీటీ మీద రాసి ఉంటే, రాసినవాడు లేకపోయినా ఆ చేయి ఆగుతుంది.

ఈ షరతుకు కొన్ని కొనుగోళ్లు నిలవవు, నిలవకపోవడమే మంచిది. ఎక్కడపడితే అక్కడ దొరికే పాటల్ని రంగురంగుల 180 గ్రాముల ప్లేట్ల మీద మళ్లీ అచ్చువేసి అమ్ముతున్నారు. వాటి గురించి చీటీలో రాయడానికి ధర తప్ప ఏమీ ఉండదు. అలాంటిది సరదాకి ఒకటి కొనుక్కుంటే ఎవరూ అడ్డుపడరు, దాన్ని సేకరణ అనకుంటే చాలు. పోటీపడి ఎవరూ కొనని హరికథ ప్లేటు, ఊరూ పేరూ తెలియని స్టేజి నటుడి పద్యం, సగం సెట్టు: పెన్షను డబ్బులో ఓ వంద వీటికి పోతే అది దుబారా అని నేననుకోను.

"అంతా బాగానే ఉంది. చేయి వణికి, కళ్లు మసకబారి చీటీ రాయలేని రోజొస్తుంది. అప్పుడో?"

అప్పుడు కొనడం ఆపాలి. దానికి సవరణ ఏదీ లేదు. కానీ అల్మరాలో చీటీ పడని వరస ఒకటి ఆ నాటికీ మిగిలే ఉంటుంది. ఒకరు చెబుతుంటే ఇంకొకరు రాయొచ్చు.

"అయితే ఆ పెన్సిలు ఇలా ఇవ్వండి. ఈ మొదటి ప్లేటుది నంబరు కనిపిస్తోంది, రాశాను. రెండో వైపు కాగితం చెరిగిపోయింది. పాడింది ఎవరండీ?"

తెలీదు. సూది పెట్టండి, విందాం.